ఎండుతున్న గుంతలో దొరికిన తోకకప్పలు: కాళ్లొచ్చేదాకా సాకడం, జబ్బు పసిగట్టడం

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడతాయి. ఆ రాత్రే గుంతల నిండా కప్పల అరుపులు. మూడో నాటికి నీళ్లలో నల్లటి చుక్కలు కదులుతుంటాయి. తర్వాత వాన మొహం చాటేస్తుంది. ఓరుగల్లు చుట్టుపక్కల ఏటా ఇదే తంతు. ట్రాక్టరు టైరు గాట్లలో, జేసీబీ తవ్వి వదిలిన గుంతల్లో, పునాది కాల్వల్లో, నారుమడి మూలల్లో తోకకప్పలు చిక్కుకుపోతాయి. వాటిని ఇంటికి తెచ్చి బతికించాలనుకునే వాళ్ల కోసం ఇది.

ముందు తీయాలా వద్దా తేల్చుకోండి

గుంతలో జానెడు నీళ్లున్నాయంటే ముట్టుకోకండి. వానాకాలపు గుంతల్లో గుడ్లు పెట్టే కప్పలు ఆ గుంత ఎండుతుందన్న లెక్కతోనే పెడతాయి. నీళ్లు తగ్గుతున్న కొద్దీ చాలా రకాల తోకకప్పలు తొందరగా కాళ్లు తెచ్చుకుని గట్టెక్కుతాయి. నీళ్లు రెండు వేళ్ల లోతుకు వచ్చి, అంచున బురద నెర్రెలు బారుతుంటే అప్పుడు కదలాలి. కడగబోతున్న సంపు, కూలర్ తొట్టి, పక్కనే పురుగుమందు పంపు కడిగే చోటు అయితే నీళ్లెన్ని ఉన్నా తీసేయాల్సిందే.

అప్పుడు కూడా ఇంటికి తేవడం చివరి మార్గం. మొదటిది, గుంతలో నీళ్లు పోయడం. వ్యవసాయ బోరు పక్కనే ఉంటే నాలుగైదు బిందెలు అంచు వెంబడి మెల్లగా పోసి, ఎండ పడే వైపు నాలుగు మండలు కప్పితే ఇంకో వారం గడుస్తుంది. నల్లా నీళ్లు మాత్రం నేరుగా పోయొద్దు, క్లోరిన్ ఉంటుంది. రెండోది, అదే చెలకలో, అదే వరుసలో నీళ్లు నిలిచిన మరో గుంతలోకి మార్చడం. చేపలు లేని గుంతై ఉండాలి. దోమల కోసం గంబూషియా చేపలు వదిలిన కుంటలో పోస్తే వాటికి మేత పోసినట్టే. ములుగు అడవి పక్కన దొరికిన వాటిని తెచ్చి హన్మకొండ చెరువులో వదలడం అసలే వద్దు. పిల్లలతో పాటు జబ్బు కూడా ఊరు మారుతుంది.

ఇవి అడవి ప్రాణులు, పెంపుడువి కావు. మన దేశం కప్పకాళ్ల ఎగుమతిని 1987లో ఆపేసింది, ఆ వేటకు ఎక్కువగా బలైంది మన బోదురు కప్పే. వన్యప్రాణి రక్షణ చట్టం 1972 నుంచి ఉంది. కాబట్టి పదీ ఇరవై తెచ్చి, కాళ్లు రాగానే అక్కడే వదిలేయడం వరకే పెట్టుకోండి. వందల కొద్దీ ఉంటే దగ్గర్లోని అటవీ రేంజి కార్యాలయానికి చెప్పి చేయండి.

ఎవరి పిల్లలో చూసుకోండి

కప్పల పేర్లు ఊరూరికీ మారతాయి, అందుకే రూపం చూడండి. తిండి, తొట్టి, గడువు అన్నీ దీన్ని బట్టే ఉంటాయి.

కాటుకలా నల్లగా, చిన్నగా, గుంపులు గుంపులుగా అంచున తిరిగేవి ఒంటి మీద పొక్కులుండే గోదురు కప్ప పిల్లలు. నాచు, కుళ్లిన ఆకు తింటాయి. గుంపుగా పెంచినా గొడవ లేదు. వీటి ఒంట్లో విషం ఉంటుంది, అక్వేరియం చేపలకు వేయకండి.

గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులో, బలంగా, వేగంగా ఈదుతూ పక్కవాటిని తరిమేవి బోదురు కప్ప పిల్లలు. మొదటి వానకు పసుపు రంగుకు తిరిగి, గొంతుకు రెండు పక్కలా నీలి బుడగలు పొంగించి అరిచేది వీటి తండ్రే. ఇవి మాంసం తింటాయి. తోటివాటిని కూడా. పది గోదురు పిల్లల్లో ఒక్క బోదురు పిల్ల పడితే వారంలో ఆ ఒక్కటే మిగులుతుంది.

సంపు గోడకో, డ్రమ్ము అంచుకో సబ్బు నురగలాంటి ముద్ద అంటుకుని ఉంటే అది చెట్టు కప్ప గూడు. అందులోంచి జారిపడిన పిల్లలకు ముక్కు కొసన వెండి చుక్క మెరుస్తుంది. ఇవి నిదానం, రెండు నెలలు పట్టినా కంగారు పడొద్దు.

అద్దంలా లోపలి పేగులు కనిపిస్తూ, అడుగుకు దిగకుండా నీటి మధ్యలో వేలాడినట్టు ఉండేవి సన్ననోటి చిన్న కప్పల పిల్లలు. నీళ్లను వడకట్టి, అందులోని సన్నటి నాచును తింటాయి. ఆకు ముక్కలు వేస్తే ముట్టవు. తిండి ఉండగానే ఆకలితో చస్తాయి. వీటిని సాకడం అందరికన్నా కష్టం, వీలైతే వేరే గుంతలోకి మార్చేయండి.

తొట్టి

లోతు కాదు, వెడల్పు కావాలి. గాలి కలిసేది నీటి పైభాగం నుంచే. 20 లీటర్లు పట్టే వెడల్పాటి లేత రంగు ప్లాస్టిక్ టబ్బు చాలు. నీళ్లు 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు ఉంచండి. లేత రంగు ఎందుకంటే రెట్ట, చచ్చిన పిల్ల, ఒంటి మీద మచ్చ వెంటనే కనబడతాయి.

రాగి బిందె, రాగి గంగాళం వద్దు. నీళ్లలోకి దిగే రాగి మనకు మంచిదేమో గానీ వీటికి విషం. జింకు పూత పూసిన రేకు బకెట్ కూడా అంతే. రంగు డబ్బాలు, మందు డబ్బాలు ఎంత కడిగినా పనికిరావు. కొత్త సిమెంటు గోలెం సున్నం వదులుతుంది. రెండు మూడు వారాలు నీళ్లు నింపి పారబోస్తూ ఉన్నాకే వాడాలి. పాత గోలెం, లోపల నాచు పట్టి ఉన్నదైతే అన్నిటికన్నా మంచిది. ఆ నాచును రుద్ది కడిగేయకండి, అది సగం తిండి.

అడుగున ఇసుక వేయకండి. రెట్ట అందులో దాక్కుని కుళ్లుతుంది. నాలుగు గులకరాళ్లు, ఒక బోర్లించిన కుండ పెంకు చాలు. కుంటలోంచి నాచు, గడ్డి తెచ్చి వేసేటప్పుడు తెల్ల పళ్లెంలో పోసి విడదీసి చూడండి. తూనీగ పిల్ల ఒక్కటి దూరినా రోజుకు రెండు మూడు తోకకప్పలు మాయమవుతాయి, దోషం మాత్రం నీళ్ల మీద వేస్తాం. పైన దోమతెర కట్టండి. కాకి, కొంగ, పిల్లి, గుడ్లు పెట్టడానికి వచ్చే తూనీగ అన్నీ దానితో ఆగుతాయి.

పొద్దున గంటసేపు ఏటవాలు ఎండ తగిలి, తర్వాత నీడలో ఉండే చోటు వెతకండి. రేకుల కింద పెట్టొద్దు.

నీళ్లు: సగం చావులు ఇక్కడే

నల్లా నీళ్లు. భగీరథ నీళ్లయినా కార్పొరేషన్ నీళ్లయినా క్లోరిన్ కలిపే వస్తాయి. మనకు వాసన కూడా తెలియనంత మోతాదు వాటి మొప్పలను కాల్చేస్తుంది. వెడల్పాటి పాత్రలో పోసి, మూత లేకుండా, రెండు రోజులు ఆరుబయట ఉంచాలి. బిందెలో ఉంచితే మూతి సన్నం, క్లోరిన్ పోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. తొందరైతే అక్వేరియం షాపులో యాంటీ క్లోరిన్ దొరుకుతుంది, సీసా మీద రాసిన మోతాదే వేయండి. పంచాయతీ వాళ్లు క్లోరిన్ పరీక్షకు వాడే ఓటీ చుక్కలు దొరికితే ఇంకా మేలు. వేశాక నీళ్లు పసుపు రంగుకు తిరిగితే ఇంకా క్లోరిన్ ఉన్నట్టు.

బోరు నీళ్లు. క్లోరిన్ ఉండదు కాబట్టి మంచివనుకుని నేరుగా పోస్తారు. అప్పుడే మోటారు ఎత్తిన నీటిలో ఆక్సిజన్ తక్కువ, ఒత్తిడిలో కరిగిన వేరే వాయువులు ఎక్కువ. ఆ వాయువులు తోకకప్ప ఒంట్లో బుడగలు కడతాయి. ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి ఎత్తి పదిసార్లు పోయండి, ఒక రాత్రి నిలవ ఉంచండి, తర్వాత వాడండి.

వాన నీళ్లు బాగుంటాయి, కానీ తొలి వానలో డాబా కడిగిన నీళ్లు కాదు. రెండో మూడో వాన నుంచి పట్టండి. ఆర్‌ఓ (RO) ప్లాంటు క్యాన్ నీళ్లు మాత్రమే పోయడం తప్పు. వాటిలో లవణాలు దాదాపు ఉండవు, పిల్లల ఒళ్లు నీరు పట్టి ఉబ్బుతుంది, ఎముకకు కాల్షియమూ దొరకదు. సగం బోరు, సగం వాన నీళ్లు కలిపితే ఈ ప్రాంతంలో అంతకన్నా మంచి మిశ్రమం దొరకదు. అన్నిటికీ మించి, పట్టిన గుంతలోని నీళ్లే (పురుగుమందు అనుమానం లేకపోతే) ఒక బకెట్ తెచ్చుకుని మొదటి రోజు వాటితోనే మొదలుపెట్టండి.

వేడి సంగతి. 24 నుంచి 30 డిగ్రీల మధ్య నీళ్లు వీటికి హాయి. జూన్ మధ్యాహ్నం వరంగల్ ఎండకు చిన్న టబ్బు నీళ్లు 35 దాటడానికి గంట పట్టదు. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 35 దగ్గర 7 మాత్రమే కరుగుతుంది. ఆ తేడా చిన్నదే అనిపించొచ్చు, కానీ అదే వేడికి పిల్ల ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది, కుళ్లే తిండి కూడా ఆక్సిజన్ లాగేస్తుంది. టబ్బు చుట్టూ తడి గోనె సంచి కట్టండి. ఐసు ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే అదీ దెబ్బే.

ఇక కంటికి కనబడని శత్రువు అమోనియా. రెట్ట, మిగిలిన తిండి కుళ్లితే పుడుతుంది. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే అందులో విషపు వాటా దాదాపు పది రెట్లవుతుంది. వేడి పెరిగినా పెరుగుతుంది. బోరు నీళ్లు చాలాచోట్ల కాస్త క్షారంగానే ఉంటాయి, పైగా మన ఎండ. అందుకే చల్లటి ప్రాంతాల వాళ్లు చెప్పే 'వారానికోసారి నీళ్లు మార్చడం' ఇక్కడ నడవదు. రెండు రోజులకోసారి మూడో వంతు నీళ్లు మార్చండి. సన్నటి పైపుతో అడుగు నుంచి రెట్టతో సహా లాగి, సిద్ధంగా నిలవబెట్టిన నీళ్లు అంచు వెంబడి పోయండి. నీళ్లన్నీ ఒకేసారి పారబోసి కొత్తవి పోయడం సెలవు రోజు శుభ్రతకు బాగుంటుంది, పిల్లలకు కాదు. అక్వేరియం షాపులో దొరికే అమోనియా పరీక్ష కిట్టు ఒకటి కొనుక్కుంటే ఊహించే పని తప్పుతుంది. గాలి పంపు పెడితే స్పాంజి ఫిల్టరుతోనే, సన్నటి బుడగలతో పెట్టండి. మోటారు ఫిల్టరు పిల్లలను లాగేస్తుంది.

పట్టడం, తేవడం

వలతో దేవొద్దు, ఒళ్లు గీసుకుపోతుంది. వెడల్పాటి మగ్గు నీళ్లలో వంచితే నీటితో పాటే లోపలికి వస్తాయి. మీ ఇంటి పిల్లలు సాయం చేస్తామంటే మగ్గు వాళ్ల చేతికివ్వండి, చేత్తో పట్టనివ్వకండి. మన ఊళ్లలో వాన కోసం కప్పతల్లి ఆడించిన చేతులే అవి, కప్పంటే భయం ఉండదు. భయం లేకపోవడం మంచిదే, పొడి చేత్తో పిసకడమే కూడదు. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఈ పనికి వాడిన మగ్గు, గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు.

ఎన్ని తేవాలి? లీటరుకు ఒకటి, 20 లీటర్ల టబ్బుకు పదిహేను దాటొద్దు. కాళ్లు మొలిచే దశకు రెండు లీటర్లకు ఒకటి చొప్పున విడదీయండి. బోదురు పిల్లలైతే ఒక్కో దానికి ఒక్కో డబ్బా. ఎక్కువ తెస్తే ఎక్కువ బతుకుతాయన్నది భ్రమ. ఇరుకులో పెరిగిన వాటి ఎదుగుదల ఆగుతుంది, తోకలు కొరుక్కుంటాయి, జబ్బు ఒకదాన్నుంచి అన్నిటికీ ఒక్క రోజులో పాకుతుంది.

తెచ్చిన బకెట్‌ను టబ్బు పక్కన నీడలో పెట్టండి. పది నిమిషాలకో మగ్గు చొప్పున టబ్బు నీళ్లు బకెట్లో కలుపుతూ, నలభై నిమిషాల తర్వాత వంచి వదలండి.

తిండి

అందరూ పాలకూర అంటారు. మా మాట, వద్దు. పాలకూరలో, తోటకూరలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, ఎముక కట్టుకునే వయసులో అదే కావాలి. ఎప్పుడో ఒకసారి వేస్తే ఏం కాదు, రోజూ అదే వేస్తే నష్టం. క్యాబేజీ కూడా రోజూ వద్దు, థైరాయిడ్ పనికి అడ్డుపడే గుణం ఉంది. తోకకప్ప కప్పగా మారేదే థైరాయిడ్ హార్మోను నడిపిస్తే. 1912లో గుడెర్నాట్ష్ అనే శాస్త్రవేత్త థైరాయిడ్ గ్రంథి ముక్కలు తినిపిస్తే అవి ఎదగకుండానే చిట్టి చిట్టి కప్పలుగా మారిపోయాయి. అందుకని ఎవరో చెప్పారని నీళ్లలో అయోడిన్ చుక్కలు వేసి తొందరపెట్టకండి. ముందే మారిన కప్ప బియ్యపు గింజంత ఉంటుంది, బయట బతకదు.

బీరకాయ, సొరకాయ, కీర దోసకాయ చెక్కు తీసి, పలుచని చక్రాలుగా కోసి, అయిదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి వేయండి. ఉప్పు పడకూడదు. మార్కెట్ కూరగాయల తొక్క మీద మందు ఉంటుంది, అందుకే చెక్కు తీయమనడం. ఒకేసారి ఉడికించి ఐసు ట్రేలో గడ్డకట్టించి, రోజుకో ముక్క కరిగించి వాడుకోవచ్చు. పది చిన్న పిల్లలకు పూటకు బొటనవేలి గోరంత ముక్క చాలు. దీనికి తోడు వారానికి మూడుసార్లు అక్వేరియం చేపల పొడి మేత చిటికెడు. మాంసకృత్తులు లేకపోతే కాళ్లు సన్నగా వస్తాయి. ఉడికిన గుడ్డు సొన వేయొచ్చు గానీ ఆవగింజంతే. నీళ్లను అంత వేగంగా పాడు చేసేది ఇంకోటి లేదు.

బోదురు పిల్లలకు దోమ పిల్లలు, వానపాము తరుగు, సన్నటి చేప ముక్క. కూరగాయ చూసి మొహం తిప్పుకుంటాయి.

అన్నం, బ్రెడ్డు, బిస్కెట్టు, మరమరాలు వేయకండి. ఉబ్బి, పులిసి, నీళ్లు తెల్లబడతాయి. వేసిన తిండి ఆరేడు గంటల్లో తినకపోతే తీసేయండి. ఆకలితో చచ్చిన దానికన్నా మిగిలిన తిండితో చచ్చినవే ఎక్కువ.

జబ్బు చూడటం

ముందు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా ఉంటాయో కళ్లకు అలవాటు చేసుకోండి. రోజూ ఒకే వేళకు, నీళ్లు ముట్టుకోకముందే, రెండు నిమిషాలు చూడండి. వెనక దారంలా రెట్ట వేలాడటం, పొట్టలో చుట్టలు చుట్టిన పేగు కనబడటం, అప్పుడప్పుడు పైకొచ్చి గాలి గుటక వేసి దిగిపోవడం, చీకట్లో రంగు వెలసినట్టు పాలిపోవడం, రాత్రి అడుగున కదలకుండా పడుండటం, ఇవేవీ జబ్బులు కావు. టబ్బు అంచు మీద వేలితో మెల్లగా తట్టండి. చటుక్కున చెదిరిపోతే బాగున్నట్టు. ఒకటి మాత్రం కదలకపోతే దాన్ని వేరు చేయండి.

*అన్నీ కలిసి పైకి తేలి నోరు తెరుస్తుంటే*, ముఖ్యంగా తెల్లవారుజామున, ఆక్సిజన్ లేదు లేదా అమోనియా పెరిగింది. సగం నీళ్లు మార్చండి. తిండి ఒక రోజు ఆపేయండి. మందు వెతకొద్దు. గంటలో దిగిపోతే రోగం నీళ్లదే.

*గుండ్రంగా తిరగడం, వణకడం, గోడకు కొట్టుకోవడం* పురుగుమందు లక్షణం. పత్తి, మిర్చి చేన్ల పక్కన పట్టినవైతే గుంత నీళ్లలోనే ఉండి ఉంటుంది. ఇంట్లో అయితే దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే ద్రవం, బొద్దింకల స్ప్రే అనుమానించండి. వాటిలోని పైరెత్రాయిడ్లు నీటి జీవాలకు చాలా ఘాటైన విషం. వీధిలో ఫాగింగ్ బండి వచ్చే రోజు టబ్బు మీద మూత వేయండి. ఒంటికి రాసుకునే దోమల క్రీము చేతికుండగా నీళ్లలో చేయి పెట్టకండి. ఇలాంటప్పుడు మాత్రమే నీళ్లన్నీ మార్చాలి, వెంటనే.

*చర్మం కింద, తోక పొరలో సన్నటి గాలి బుడగలు* కనిపించి, తలకిందులుగా తేలుతుంటే తాజా బోరు నీళ్ల పని. నిలవ ఉంచిన నీళ్లలోకి మార్చి, గాలి పంపు పెట్టండి. ఒక్కటే పక్కకు ఒరిగి తేలుతూ పొట్ట గట్టిగా ఉంటే తిండి ఎక్కువైంది. నాలుగు వేళ్ల లోతు నీళ్లలో వేరే ఉంచి ఒకటిన్నర రోజు పస్తు పెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది.

*ఒళ్లంతా నీటి బుడగలా ఉబ్బి, చర్మం పారదర్శకమైతే* అది తిండి ఉబ్బరం కాదు. లోపల నీరు చేరింది. ఒంటి నీళ్లను బయటికి పంపే మూత్రపిండాలు చేతులెత్తేశాయి. ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోస్తున్నారేమో చూడండి. అదే కారణమైతే సగం బోరు నీళ్లు కలిపితే కొన్ని తేరుకుంటాయి. బ్యాక్టీరియా వల్ల వచ్చిందైతే తేరుకునేవి తక్కువ.

*దూది అంటినట్టు తెల్లటి పోగులు* సాప్రోలెగ్నియా. నాచు లాంటి ఒక బూజు. గాయం మీద, కొరికిన తోక మీద పడుతుంది. దాన్ని వేరుచేసి ఉప్పు స్నానం చేయించండి. 3 లీటర్ల నిలవ నీళ్లలో ఒక మట్టపు టీ చెంచా దొడ్డుప్పు పూర్తిగా కరిగించి, అందులో 10 నిమిషాలు. అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు వద్దు. పక్కనే కూర్చుని చూడాలి, ఒరిగిపోతే ఆ క్షణమే మంచి నీళ్లలోకి మార్చాలి. రోజుకోసారి, మూడు రోజులు. మైలుతుత్తం వేసి బూజు చంపుదామనుకోకండి. బూజుకన్నా ముందు పిల్ల చస్తుంది.

*పొట్ట కింద, తొడల దగ్గర, తోక మొదట్లో ఎర్రటి మరకలు* వస్తే రక్తంలోకి బ్యాక్టీరియా ఎక్కినట్టు. ఏరోమోనాస్ అనే సూక్ష్మజీవి సాధారణంగా కారణం, అది ప్రతి నీటిలోనూ ఉంటుంది. ఇరుకు, మురికి, వేడి కలిస్తేనే గెలుస్తుంది. మరకలున్న వాటిని ఆ గంటలోనే వేరు చేయండి, మిగతావాటికి సగం నీళ్లు మార్చి, మర్నాడు మళ్లీ మార్చండి. టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ గొట్టం మాత్ర విప్పి నీళ్లలో కలిపే అలవాటు కొందరికి ఉంది. మోతాదు తెలియదు, పైగా అమోనియాను తినేసే మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. ఫోటోతో, నీటి వివరాలతో అడిగి తెలుసుకోండి.

*నోరు.* భూతద్దంతో చూడండి. తోకకప్ప నోటికి చిలుక ముక్కులా నల్లటి అంచు ఉంటుంది, దాంతోనే నాచు గీకుతుంది. ఆ నలుపు అక్కడక్కడ పోయి ఉంటే, పిల్ల తింటున్నట్టే కనబడుతూ చిక్కిపోతుంటే, కైట్రిడ్ అనే శిలీంధ్రాన్ని అనుమానించాలి. మన పడమటి కనుమల కప్పల్లో దీన్ని గుర్తించారు. తోకకప్పకు చర్మంలో దానికి కావలసిన కెరాటిన్ (గోళ్లలో ఉండే గట్టి పదార్థం) లేదు, నోట్లోనే ఉంటుంది. అందుకే అప్పుడు చావదు. కప్పగా మారి ఒళ్లంతా కెరాటిన్ వచ్చాక పడిపోతుంది. తిండి లోపం వల్ల, విషాల వల్ల కూడా నోరు అలా కావచ్చు, ప్రయోగశాల పరీక్ష లేకుండా తేలదు. తేలేదాకా ఆ టబ్బులోది ఏదీ బయట వదలకూడదు. సన్ననోటి కప్పల పిల్లలకు ఈ నల్ల అంచు పుట్టుకతోనే ఉండదు, వాటిని చూసి భయపడకండి.

*తోక కొస తెగి ఉంటే* కొరుకుడే. విడదీస్తే మళ్లీ పెరుగుతుంది. *నడుము, తోక వంకరైతే* కాల్షియం, పోషణ లోపం, లేదా విషం. వచ్చిన వంకర పోదు, మిగతావాటికి తిండి మార్చండి.

చచ్చినదాన్ని చూసిన వెంటనే తీసి మట్టిలో లోతుగా పూడ్చండి. తోటివి దాన్ని తింటాయి, జబ్బూ తింటాయి.

కాళ్లొచ్చే వారం

వెనక కాళ్లు మొగ్గల్లా మొదలై రోజుల తరబడి పెరుగుతాయి. ముందు కాళ్లు అలా కాదు. చర్మం కింద లోపలే తయారై, ఒక్క రోజులో మోచేయి ముందుగా చీల్చుకుని బయటికొస్తాయి. ఒకటి వచ్చి ఇంకోటి రాకపోతే అవిటిదనుకోకండి, మర్నాటికల్లా వస్తుంది.

మోచేతులు చర్మం కింద పొంగినట్టు కనబడగానే టబ్బు మార్చేయాలి. మొప్పలు మూసుకుపోయి ఊపిరితిత్తుల మీద ఆధారపడే వేళ ఇది. గట్టు లేకపోతే కప్పపిల్ల నీళ్లలోనే మునిగి చస్తుంది. పెంచిన వాళ్లు నెల రోజుల కష్టాన్ని ఎక్కువగా పోగొట్టుకునేది ఈ ఒక్క రాత్రే. టబ్బును ఒక వైపు ఇటుక మీద ఎత్తి వంచండి. లోతు వైపు నీళ్లు 4 సెంటీమీటర్లు, ఎత్తు వైపు పొడి. మధ్యలో గరుకు పెంకు, తడి నాచు. దోమతెర అంచులు బిగించి కట్టండి, చెట్టు కప్ప పిల్లలు నున్నటి గోడ కూడా ఎక్కేస్తాయి.

ఈ దశలో తిండి పెట్టొద్దు. నోరు, పేగు రెండూ మాంసాహారానికి తగ్గట్టు మారుతుంటాయి, అప్పటిదాకా కరిగిపోయే తోకే భోజనం. మూడు నుంచి అయిదు రోజుల్లో తోక మొండిగా మిగులుతుంది. ముందు కాళ్లు పుల్లల్లా సన్నగా, వంగకుండా ఉండి, ఒంటిని ఎత్తలేకపోతే అది ఎదిగే రోజుల్లో తిండి చాలలేదన్న గుర్తు. ఇప్పుడు బాగు చేయలేం.

వేడిలో పెరిగిన గోదురు, బోదురు పిల్లలు అయిదారు వారాల్లో ఈ దశకు వస్తాయి. మృగశిరకు తెచ్చినవి పుష్యమి కార్తెకు అటూ ఇటుగా గట్టెక్కుతాయన్నమాట. అప్పటికీ వెనక కాళ్ల జాడ లేకపోతే ఇరుకు తగ్గించండి, చేపల మేత పెంచండి.

వదలడం

తోక మొండి ఇంకా కాస్త ఉండగానే వదలొచ్చు. ఇంట్లో పెంచి పెద్ద చేద్దామనుకోకండి. వేలి గోరంత కప్పపిల్లకు రోజూ బతికున్న చీమలు, చెదలు, పేనుబంక కావాలి. గడ్డి దుబ్బుల్లో అవి దానికి ఊరికే దొరుకుతాయి.

పట్టిన చోటికే తీసుకెళ్లండి. ముసురు పట్టిన సాయంత్రం, చీకటి పడే వేళ, నీటి అంచున తడి గడ్డిలో డబ్బా వంచి దానంతట అది దిగేదాకా ఆగండి. మధ్యాహ్నం ఎండలో వదిలితే నిమిషాల్లో ఒళ్లు ఆరిపోతుంది. నిలువు గోడల బావిలో వేయకండి, ఎక్కి రాలేవు. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు పెద్దవని అక్కడికి తీసుకుపోకండి. చేపలున్న చోట ఈ సైజు కప్ప ఒక గుటక. పొలంలో మందు కొట్టి ఉంటే వారం ఆగండి. ఒకేచోట గుప్పెడు పోయకుండా పదడుగులకు రెండు మూడు చొప్పున విడదీసి వదిలితే కొంగ కంట పడినా అన్నీ పోవు.

మిగిలిన టబ్బు నీళ్లు కాల్వలోకి, కుంటలోకి పోయకండి, నీటికి దూరంగా చెట్టు మొదట్లో పోయండి. టబ్బు, మగ్గు, పైపు, పెంకులు బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండలో బోర్లించాకే వచ్చే ఏటికి దాచుకోండి.